వ్యాకరణం తప్పని చెట్లు: జెనెటిక్ ప్రోగ్రామింగ్‌లో సింటాక్స్ ట్రీ సాధనాల సమీక్ష

జెనెటిక్ ప్రోగ్రామింగ్‌లో ప్రతి ప్రోగ్రామూ ఒక చెట్టు. రెండు చెట్లు కొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటే అది క్రాసోవర్. ఒక కొమ్మను తీసేసి ఆ చోట యాదృచ్ఛికంగా కొత్త కొమ్మను పెంచితే మ్యుటేషన్. వందల, వేల ప్రోగ్రాములను తరం తర్వాత తరం ఇలా కలుపుతూ, మారుస్తూ, అప్పగించిన పనిని మెరుగ్గా చేసేవాటిని నిలుపుకుంటూ పోవడమే ఈ పద్ధతి. 1985లో ఎన్.ఎల్. క్రేమర్ దీనికి తొలి రూపం చూపితే, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ కోజా 1992లో వెలువరించిన గ్రంథంతో ఇది ఒక శాఖగా నిలబడింది. కోజా లిస్ప్ భాషను ఎంచుకోవడానికి బలమైన కారణమే ఉంది. లిస్ప్‌లో ప్రోగ్రాము జాబితాల లోపలి జాబితాగా, అంటే చెట్టుగానే, రాసి ఉంటుంది. కొమ్మ మార్చడానికి వేరే పనిముట్టు అక్కర్లేదు.

దానికి ఒక ఖరీదు ఉంది. ఏ కొమ్మ ఎక్కడ అతికినా ప్రోగ్రాము నడవాలంటే, అన్ని ఫంక్షన్లూ ఒకే రకం విలువలు తీసుకుని ఒకే రకం విలువ ఇవ్వాలి. సున్నాతో భాగించాల్సి వస్తే 1 ఇచ్చే ‘రక్షిత భాగహారం’ ఈ నిబంధన కోసం పుట్టిందే. నిజమైన ప్రోగ్రామింగ్ భాషల్లో ఈ నిబంధన నిలవదు. షరతు రాయాల్సిన చోట సంఖ్యనూ, వాక్యం రాయాల్సిన చోట కూడిక గుర్తునూ పెడితే కంపైలర్ తిప్పికొడుతుంది. 1995లో డేవిడ్ మోంటానా ప్రతి ఫంక్షన్‌కూ రకాలు జోడించి ఒక దారి చూపాడు. అదే ఏడాది, ఆస్ట్రేలియాలో పరిశోధన చేస్తున్న పీటర్ విగమ్ మరో దారి చూపాడు: భాషకు సందర్భరహిత వ్యాకరణం రాసి, ఆ వ్యాకరణం ప్రకారం పెరిగిన డెరివేషన్ ట్రీనే ప్రోగ్రాముగా దాచుకోవాలి. క్రాసోవర్‌లో రెండు కొమ్మల మొదట ఒకే నాన్-టెర్మినల్ (నియమాలతో ఇంకా విస్తరించాల్సిన వ్యాకరణ పదం) ఉంటేనే మార్పిడి జరగాలి. ఇంతే నియమం. దీన్ని పాటించినంతకాలం పుట్టే ప్రతి ప్రోగ్రామూ వ్యాకరణబద్ధమే. హాంకాంగ్‌లో వాంగ్, ల్యుంగ్ తమ లోజెన్‌ప్రోలో తర్కశాస్త్ర ఆధారిత వ్యాకరణాలను వాడుతూ ఇదే బాట పట్టారు. 1996లో ఫ్రెడరిక్ గ్రూవో కూడా వ్యాకరణ నిబంధనల అవసరాన్ని వాదించాడు.

ఈ సమీక్షకు కేంద్రం ఒకే ప్రశ్న: సాధనం తన లోపల దేన్ని అసలు ప్రతిగా దాచుకుంటుంది? డెరివేషన్ ట్రీనా, దాన్ని కుదించిన వ్యక్తీకరణ చెట్టునా, చెట్టుగా మారబోయే సంఖ్యల వరుసనా, లేక మామూలు పాఠ్యాన్నా? ఏ పని చవక, ఏ పని ఖరీదు, ఏ తప్పు జరిగే వీలుంది అన్నవన్నీ ఈ ఒక్క ఎంపికను బట్టే తేలతాయి. చాలా సాధనాలు ఈ ఎంపికను వాడుకరికి కనబడకుండా దాచేస్తాయి, అది మంచిది కాదు.

తేడా తెలియడానికి చిన్న వ్యాకరణం చాలు. ‘వ్యక్తీకరణ’ రెండు విధాలుగా విస్తరిస్తుంది: వ్యక్తీకరణ–గుర్తు–వ్యక్తీకరణ అనేది మొదటిది, ఒక్క చరరాశి అనేది రెండోది. ‘గుర్తు’ అంటే + లేదా ×. ‘చరరాశి’ అంటే క లేదా గ. ఈ వ్యాకరణంలో ‘క + గ’ను మామూలు వ్యక్తీకరణ చెట్టుగా దాచితే మూడు నోడ్‌లు. డెరివేషన్ ట్రీగా దాచితే తొమ్మిది: మూడు వ్యక్తీకరణలు, రెండు చరరాశులు, ఒక గుర్తు, వాటి కింద మూడు టెర్మినల్‌లు. మూడింతల మెమరీ పోతుంది. దానికి బదులుగా ఏ నోడ్ ఏ నియమం వల్ల పుట్టిందో చెట్టులోనే ఉంటుంది. మ్యుటేషన్‌కు నోడ్‌ను ఎంచుకునేటప్పుడు మరో సంగతి బయటపడుతుంది. ఆరు నాన్-టెర్మినల్‌లలో సమాన అవకాశంతో ఒకదాన్ని ఎంచుకుంటే, గుర్తు ఎంపికయ్యే అవకాశం ఆరింట ఒకటి. చరరాశులకు అంతకు రెట్టింపు. వ్యాకరణం రాసిన తీరే శోధనను ఒక వైపుకు మొగ్గేలా చేస్తుందన్నమాట. ఒకే భాషను రెండు రకాలుగా రాసిన వ్యాకరణాలు రెండు రకాల ఫలితాలు ఇవ్వడానికి కారణం ఇదే. కోజా తన చెట్లలో క్రాసోవర్ స్థానాలను 90 శాతం లోపలి నోడ్‌ల నుంచి, 10 శాతం ఆకుల నుంచి ఎంచుకోమన్నది కూడా ఇలాంటి మొగ్గును సరిదిద్దడానికే. డెరివేషన్ ట్రీకి ఆ లెక్కను యథాతథంగా వాడితే అర్థం మారిపోతుంది. ఇక్కడ ఆకులకు నేరుగా పైనున్న నోడ్‌లు కూడా ‘లోపలివే’.

వ్యాకరణం చదివిన వెంటనే ఏ సాధనమైనా చేయాల్సిన మొదటి లెక్క, ప్రతి నాన్-టెర్మినల్ ఎన్ని అంచెల్లో ముగియగలదో తేల్చడం. పై వ్యాకరణంలో గుర్తుకు, చరరాశికి ఒక్క అంచె చాలు. వ్యక్తీకరణకు కనీసం రెండు కావాలి. ఈ లెక్క లేకపోతే లోతు పరిమితి దగ్గరపడినప్పుడు ఏ నియమం ఎంచుకుంటే చెట్టు ముగుస్తుందో తెలియదు. చెట్టు పెరుగుతూనే పోతుంది, లేదా ప్రోగ్రాము కూలిపోతుంది. కోజా తొలి తరం కోసం వేర్వేరు లోతుల్లో సగం నిండు చెట్లూ సగం ఎదుగుదలకు వదిలేసిన చెట్లూ పుట్టించే పద్ధతిని పెట్టాడు. 2003లో కానర్ రయాన్, అతిఫ్ ఆజాద్ దాన్ని వ్యాకరణాలకు అనువుగా మలిచారు. నియమాలను పాచికలు వేసినట్టు ఎంచుకుంటే పొట్టి చెట్లు కుప్పతెప్పలుగా వస్తాయి. ఫలానా పరిమాణంలోని చెట్లన్నిటికీ సమాన అవకాశం కావాలంటే, ప్రతి నాన్-టెర్మినల్ నుంచి ఎన్ని చెట్లు పుట్టగలవో ముందే లెక్కించి, ఆ నిష్పత్తిలో నియమాలను ఎంచుకోవాలి. 1996లో బోమ్, గేయర్-షుల్జ్ ఈ పద్ధతిని పూర్తిగా వివరించారు. గణితపరంగా ఇంత శుభ్రమైన పరిష్కారం ఉండి కూడా, వాడుకలో ఉన్న సాధనాల్లో ఇది అరుదుగానే కనిపించడం విచారకరం.

1998లో ఐర్లండ్‌లోని లిమరిక్ విశ్వవిద్యాలయం నుంచి రయాన్, కాలిన్స్, మైఖేల్ ఓనీల్ కొత్త మాట తెచ్చారు. దాని పేరు గ్రమాటికల్ ఎవల్యూషన్. చెట్టును దాచనక్కర్లేదు, కోడాన్‌లు అనే సంఖ్యల వరుసను దాచితే చాలు అన్నారు. ఎడమవైపు మొదటి నాన్-టెర్మినల్‌ను తీసుకోవాలి. వరుసలోని తర్వాతి సంఖ్యను, ఆ నాన్-టెర్మినల్‌కు ఉన్న నియమాల సంఖ్యతో భాగించాలి. వచ్చిన శేషమే ఎంచుకోవాల్సిన నియమం. పై వ్యాకరణానికి 12, 7, 4, 8, 3, 5 అనే వరుస ఇస్తే ఇలా నడుస్తుంది. 12ను 2తో భాగిస్తే శేషం 0, కాబట్టి వ్యక్తీకరణ మూడు ముక్కలవుతుంది. 7కు శేషం 1, కాబట్టి ఎడమ వ్యక్తీకరణ చరరాశి అవుతుంది. 4కు శేషం 0, అది క. 8తో గుర్తు + అవుతుంది. 3తో కుడి వ్యక్తీకరణ చరరాశి, 5తో అది గ. ఫలితం ‘క + గ’. ఇక్కడ చెట్టు లేదు, కొమ్మలు లేవు. సంఖ్యల వరుసలను మధ్యకు కోసి అతికించే పాత జెనెటిక్ అల్గారిథమ్ కోడ్ ఏదైనా పనికొస్తుంది. ఈ సులువే దాన్ని ప్రపంచమంతా పాకించింది.

అదే వరుసలో ఒక్క సంఖ్య మారిస్తే ఏమవుతుందో చూడాలి. 12 స్థానంలో 14 పెడితే శేషం అదే, కాబట్టి ఏ మార్పూ లేదు. 13 పెడితే మొత్తం వ్యక్తీకరణ ఒక్క చరరాశిగా కుంచించుకుపోయి ‘గ’ మిగులుతుంది; చివరి నాలుగు సంఖ్యలు వృథా. రెండో సంఖ్య 7ను 6 చేస్తే ఎడమ వ్యక్తీకరణ విస్తరించడం మొదలుపెడుతుంది. నిన్నటిదాకా క అని చెప్పిన 4, + అని చెప్పిన 8 ఇప్పుడు వ్యక్తీకరణను మళ్లీ మళ్లీ చీల్చడానికి ఖర్చవుతాయి. ఆరు సంఖ్యలూ అయిపోయేసరికి ఒక్క గ మాత్రమే తేలి, నాలుగు గుర్తులు, నాలుగు వ్యక్తీకరణలు విస్తరించకుండా మిగిలిపోతాయి. అప్పుడు వరుసను మళ్లీ మొదటి నుంచి చదవాలి, లేదా ఆ జీవిని, అంటే తరంలోని ఆ ఒక్క ప్రోగ్రామును, చెల్లనిదిగా పక్కన పెట్టాలి. ఒకే రకమైన చిన్న మార్పు ఒకసారి ఏమీ చేయదు, ఇంకోసారి మొత్తాన్నీ తలకిందులు చేస్తుంది. 2006లో రోత్‌లాఫ్, ఓట్జెల్ ఈ లోపాన్ని కొలిచి చూపారు. 2015లో విగమ్ బృందం మరింత ఘాటైన విమర్శ చేసింది: సంఖ్యల వరుసపై నడిచే శోధన యాదృచ్ఛిక శోధనకు దగ్గరగా ప్రవర్తిస్తోందని, నేరుగా డెరివేషన్ ట్రీలపై పనిచేసే పద్ధతి దానికంటే మెరుగని. ఈ వాదం పూర్తిగా ముగియలేదు గానీ, సాక్ష్యం చెట్టు వైపే బలంగా ఉంది. పోర్చుగల్‌లోని కోయింబ్రా పరిశోధకులు లోరెన్సో, పెరేరా, కోస్తా తెచ్చిన స్ట్రక్చర్డ్ గ్రమాటికల్ ఎవల్యూషన్ ఒక మధ్యేమార్గం. ప్రతి నాన్-టెర్మినల్‌కూ వేరే సంఖ్యల జాబితా పెట్టడంతో, ఒక చోటి మార్పు మరో నాన్-టెర్మినల్ సంఖ్యల అర్థాన్ని మార్చదు.

సాధనాల చరిత్రలో కూడా ఇదే మళ్లింపు కనిపిస్తుంది. మిగెల్ నికొలావ్ సీ ప్లస్ ప్లస్‌లో రాసిన లిబ్‌జీఈ కోడాన్‌లను ప్రోగ్రాముగా మార్చే పని మాత్రమే చేసేది. శోధనను మరో లైబ్రరీకి వదిలేసేది. 2008లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ నుంచి జావాలో గేవా వచ్చింది. ఆర్ భాష వాడే గణాంక శాస్త్రవేత్తలకు సిడ్నీ నుంచి గ్రామ్‌ఎవాల్ ప్యాకేజీ అందింది. 2017లో డబ్లిన్ బృందమే విడుదల చేసిన పోనీజీఈ2 ఈ వరుసలో అన్నిటికంటే ఆలోచనతో కట్టినది. అది ప్రతి జీవికీ సంఖ్యల వరుసతో పాటు డెరివేషన్ ట్రీని కూడా దాచగలదు. వరుసపై క్రాసోవర్ కావాలన్నా, కొమ్మల మధ్య క్రాసోవర్ కావాలన్నా పారామీటర్ ఫైలులో ఒక్క లైను మారిస్తే చాలు. కొమ్మ మార్చాక చెట్టు నుంచి సంఖ్యల వరుసను తిరిగి రాబడుతుంది. చేత్తో రాసిన ప్రోగ్రామును వ్యాకరణం ప్రకారం పార్స్ చేసి తొలి తరంలోకి పంపే సదుపాయం కూడా అందులో ఉంది. గ్రమాటికల్ ఎవల్యూషన్ పేరుతో పుట్టిన సాధనమే చెట్టును వెనక్కి తెచ్చుకున్నదంటే, చర్చ ఎటు మొగ్గిందో తెలుస్తుంది.

వ్యాకరణం కోసమే పుట్టని సాధనాల్లోనూ ఈ పని చేయవచ్చు. కెనడాలోని లవాల్ విశ్వవిద్యాలయంలో తయారైన డీప్ అనే పైథాన్ లైబ్రరీ చెట్టును పాయింటర్లతో కాక, మూలం ముందు పిల్లలు తర్వాత వచ్చే క్రమంలో మామూలు జాబితాగా దాచుతుంది. ‘(క × గ) + క’ అందులో +, ×, క, గ, క అనే ఐదు అంశాల జాబితా. × నుంచి మొదలయ్యే కొమ్మ ఎక్కడ ముగుస్తుందో కనుక్కోవడం సులువు: ×కు ఇద్దరు పిల్లలు కావాలి, క వచ్చాక ఒకరు బాకీ, గ వచ్చాక బాకీ లేదు, కాబట్టి కొమ్మ మూడు అంశాలు. క్రాసోవర్ అంటే రెండు జాబితా ముక్కల మార్పిడి, అంతే. ప్రతి నాన్-టెర్మినల్‌నూ ఒక రకంగా, ప్రతి నియమాన్నీ ఒక ఫంక్షన్‌గా ప్రకటిస్తే డీప్‌లోని రకాల సదుపాయం వ్యాకరణంగా పనిచేస్తుంది. రెండు చిక్కులు మాత్రం గుర్తుంచుకోవాలి. లోతు పరిమితికి చేరినప్పుడు ఒక రకానికి నేరుగా టెర్మినల్ లేకపోతే అది దోష సందేశంతో ఆగిపోతుంది. పైన చెప్పిన కనీస అంచెల లెక్క అందులో లేకపోవడమే కారణం. క్రాసోవర్‌లో అది ముందు రకాన్ని సమాన అవకాశంతో ఎంచుకుని, తర్వాత ఆ రకం నోడ్‌ను ఎంచుకుంటుంది. అందువల్ల చెట్టులో ఒక్కసారే కనిపించే రకానికి కూడా యాభై సార్లు కనిపించే రకంతో సమానమైన అవకాశం దక్కుతుంది. డీప్ మీదే కట్టిన గ్రేప్ 2022లో లిమరిక్ నుంచి వచ్చింది. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో షాన్ ల్యూక్ జావాలో కట్టిన ఈసీజే, కెంట్ విశ్వవిద్యాలయం వారి ఎపాక్‌ఎక్స్, ఆస్ట్రియాలో హాగెన్‌బర్గ్ బృందం నడిపే హ్యూరిస్టిక్‌ల్యాబ్ కూడా చెప్పుకోదగ్గవి. హ్యూరిస్టిక్‌ల్యాబ్‌లో తెరపైనే వ్యాకరణాన్ని మార్చుకుని, పుట్టిన చెట్టును బొమ్మగా చూసుకోవచ్చు.

చెట్టును మెమరీలో పేర్చే తీరు కూడా వేగాన్ని శాసిస్తుంది. ప్రతి నోడ్‌లో తల్లి నోడ్ చిరునామా ఉంటే పైకి వెళ్లడం సులువు, కానీ ఒకే కొమ్మను రెండు చెట్లు పంచుకోలేవు. ప్రతి క్రాసోవర్‌కూ కొమ్మను కాపీ చేయాల్సిందే. తల్లి చిరునామా తీసేస్తే పంచుకోవచ్చు. 1994లో సైమన్ హ్యాండ్లీ తరం మొత్తాన్నీ ఒకే గ్రాఫ్‌గా దాచి, ఒకేలాంటి కొమ్మలను ఒక్కసారే నిలువచేసి, వాటి విలువలను కూడా ఒక్కసారే లెక్కించాడు. అలాంటి మార్పులేని చెట్టులో తిరగడానికి 1997లో జెరార్ ఉయె వివరించిన జిప్పర్ అనే పద్ధతి ఉంది. హాస్కెల్ వంటి ఫంక్షనల్ భాషల్లో సాధనం రాసేవారికి ఇది సహజమైన ఎంపిక.

కంపైలర్ల లోకంలో చెట్లను మార్చే సాధనాలకు కొదవ లేదు. టెరెన్స్ పార్ రూపొందించిన యాంట్లర్ వ్యాకరణం నుంచి పార్సర్‌ను పుట్టిస్తుంది. నాలుగో వెర్షన్ పార్స్ ట్రీని చదవడానికి చక్కగా ఉంటుంది గానీ, మార్పులు చేయాలంటే టోకెన్ల వరుసను దిద్దడమే దారి. ఎడిటర్లలో విరివిగా వాడే ట్రీ-సిట్టర్‌లో నోడ్‌ను పీకి మరొకటి పెట్టే మార్గమే లేదు; పాఠ్యాన్ని మార్చి, మారిన మేరకు మళ్లీ పార్స్ చేయించాలి. పైథాన్‌తో వచ్చే ఏఎస్‌టీ మాడ్యూల్ నోడ్‌లను స్వేచ్ఛగా మార్చనిస్తుంది. 3.9 వెర్షన్ నుంచి చెట్టును తిరిగి కోడ్‌గా రాసే ఫంక్షన్ కూడా వచ్చింది, అయితే వ్యాఖ్యలు, ఖాళీలు పోతాయి. అవి నిలవాలంటే లిబ్‌సీఎస్‌టీ వాడాలి. ఈ వర్గంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది కెనడాలో జిమ్ కోర్డీ తదితరులు అభివృద్ధి చేసిన టీఎక్స్‌ఎల్. అందులో ప్రతి రూపాంతర నియమమూ ఒక నాన్-టెర్మినల్‌కు కట్టుబడి ఉంటుంది. తీసేసినది ఏ నాన్-టెర్మినలో, పెట్టేది కూడా అదే కావాలి. ఇది అచ్చంగా విగమ్ క్రాసోవర్ నియమం. ఈ సాధనాలన్నిటికీ లేనిది ఒక్కటే, యాదృచ్ఛికత. వ్యాకరణం నుంచి కొత్త చెట్టు పుట్టించడం, నోడ్‌ను ఏదో ఒక నిష్పత్తిలో ఎంచుకోవడం, పరిమాణాన్ని అదుపులో పెట్టడం వాడుకరే రాసుకోవాలి.

ఈ రెండు లోకాలూ నిజంగా కలిసింది ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మెరుగుపరిచే పనిలో. 2009 నాటి జెన్‌ప్రోగ్, సీ భాషలోని ప్రోగ్రాములను సిల్ అనే సాధనంతో చెట్లుగా మార్చి, వాక్యం స్థాయిలో తొలగింపు, చేర్పు, మార్పిడి చేస్తూ దోషాలకు మరమ్మతులు వెతికింది. లాంగ్డన్, హార్మన్ వేరే దారి పట్టారు. డీఎన్‌ఏ ముక్కలను పోల్చే బోటై2 అనే 50,000 లైన్ల ప్రోగ్రామునే ఒక వ్యాకరణంగా మార్చేశారు. లైన్లు నియమాలయ్యాయి, వాటిని తీసేయడం, మార్చడం ద్వారా తమకు కావాల్సిన రకం డేటాపై సగటున 70 రెట్లు వేగంగా నడిచే రూపాన్ని సాధించారు. ఇప్పుడు జావాకు జిన్, పలు భాషలకు పైజీజీఐ వాడుకలో ఉన్నాయి. మొదటిది జావాపార్సర్ చెట్టుపై, రెండోది కోడ్‌ను ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే ఎస్‌ఆర్‌సీఎంఎల్‌పై ఆధారపడతాయి. వీటిలో జీవి అంటే చెట్టు కాదు, మూల ప్రోగ్రాముపై చేయాల్సిన దిద్దుబాట్ల జాబితా. లక్ష లైన్ల చెట్టును వందల కాపీలు చేయనక్కర్లేకపోవడం వల్ల ఇది సరైన ఎంపికే.

సందర్భరహిత వ్యాకరణం ఎంత చక్కగా రాసినా చెప్పలేని సంగతులున్నాయి. ప్రకటించని చరరాశిని వాడకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. వాంగ్, ల్యుంగ్ తర్కాన్ని, 2007లో ఓర్తెగా బృందం క్రిస్టియన్‌సెన్ వ్యాకరణాలను ఇందుకే తెచ్చారు. 2017లో ఫోర్స్టెన్‌లెక్నర్ బృందం అంత దూరం పోలేదు: ప్రతి డేటా రకానికీ ముందే కొన్ని చరరాశులు ప్రకటించి, ఏ సమస్యకు ఏ రకాలు కావాలో ఆ వ్యాకరణ ముక్కలను మాత్రం కలిపి వాడింది. ఆచరణలో ఈ పద్ధతే ఎక్కువ పనికొస్తోంది. పైథాన్ ఇండెంటేషన్ లాంటి చిన్న చిక్కులు కూడా ఇక్కడే తగులుతాయి. వ్యాకరణం ఖాళీలను లెక్కపెట్టలేదు కాబట్టి, పోనీజీఈ2 వ్యాకరణాల్లో బ్లాకు మొదలు, ముగింపులకు ప్రత్యేక గుర్తులు పెట్టి, చివర్లో వాటిని ఖాళీలుగా మారుస్తారు. భద్రతా పరీక్షల రంగంలో వచ్చిన ఇస్లా, ఫందాంగో వ్యాకరణానికి తోడు అర్థపరమైన నిబంధనలనూ రాయనిస్తాయి. ఫందాంగో అయితే ఆ నిబంధనలను తీర్చడానికి పరిణామ శోధననే వాడుతుంది. జెనెటిక్ ప్రోగ్రామింగ్ సాధనాలు వీటి నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు చిన్న, మధ్యస్థ వ్యాకరణాలకు పోనీజీఈ2ను తీసుకుని, కొమ్మల క్రాసోవర్‌ను ఎంచుకోవడం మేలు. పైథాన్‌లో సొంతంగా కట్టుకోదలిస్తే డీప్ మంచి పునాది, కానీ కనీస అంచెల లెక్కను తప్పకుండా చేర్చుకోవాలి. ఉన్న కోడ్‌ను మార్చాల్సిన చోట కంపైలర్ సాధనాలు, దిద్దుబాట్ల జాబితా తప్ప వేరే దారి వెతకనక్కర్లేదు. ఏది వాడినా, ఫలితాలు ప్రచురించేటప్పుడు వ్యాకరణ ఫైలును, నోడ్‌ను ఎంచుకున్న పద్ధతిని, తొలి తరాన్ని పుట్టించిన పద్ధతిని పూర్తిగా జతచేయాలి. ఆ మూడూ లేకుండా చెప్పిన ఫలితాన్ని మరొకరు తిరిగి సాధించి చూడలేరు.